తడి మీద పట్టు

కర్ర అతికించాలంటే ముందు తడి తుడుస్తాం. కొట్టుకుంటున్న గుండె దగ్గర ఆ వీలుండదు: తడి, నెత్తురు, ఆపైన ఆగని కదలిక.

1940లలో కొడాక్ సంస్థలో హారీ కూవర్ బృందానికి తారసపడిన సైనోఅక్రిలేట్, అంటే ఇప్పటి సూపర్ గ్లూ, తడి తగిలితేనే బిగుస్తుంది. వియత్నాం యుద్ధంలో గాయాల నెత్తురు ఆపడానికి దాన్ని చిమ్మారు కూడా. కానీ ఎండాక పెళుసు. కండ వంగితే తను వంగదు. నెత్తురు గడ్డకట్టే తీరునే అనుసరించే ఫైబ్రిన్ జిగురు ఒంటికి పడుతుంది గానీ పట్టు చాలదు.

ఈ రెంటికీ నడుమ దారిని హార్వర్డ్‌లో డేవిడ్ మూనీ, జియాన్యు లీ బృందం పెంకులేని ఒక నత్త దగ్గర వెతికింది. ఏరియన్ సబ్‌ఫస్కస్ అనే ఆ ప్రాణి బెదిరితే జిగట స్రవించి ఉన్నచోటే అంటుకుపోతుంది. దాన్ని చూసి 2017లో వాళ్లు రెండు పొరల జిగురు ప్రకటించారు. కింది పొరలో ధనావేశమున్న పాలిమర్, ఉదాహరణకు కైటోసాన్, కణజాలంలోకి చొరబడి బంధాలు వేస్తుంది. మన కోస్తాలో గుట్టలుగా మిగిలే రొయ్యల పెంకుల నుంచి తీయగలిగే పదార్థమే అది. పై పొర సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్, పాలీఅక్రిలమైడ్ కలిసిన జెల్. లాగినప్పుడు ఆల్జినేట్‌లోని కాల్షియం ముడులు ముందుగా తెగి ఆ శక్తిని మింగేస్తాయి. కింది పట్టు నిలుస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునేది పరీక్ష. రెండు పట్టీలను ఒకదానిపై ఒకటి అతికించి పక్కలకు లాగే పద్ధతి తేలికే, కానీ అతుకు పొడవు మారితే అంకె మారిపోతుంది. అందుకే ఒలిచే పరీక్ష మేలు. పంది చర్మంపై జెల్ అంటించి, విడిగా వదిలిన కొసలు యంత్రానికి బిగించి, ఒకే వేగంతో నెమ్మదిగా ఊడదీస్తారు. స్థిరపడిన బలాన్ని రెట్టింపు చేసి వెడల్పుతో భాగిస్తే, చదరపు మీటరు అతుకు విప్పడానికి ఎంత శక్తి కావాలో తెలుస్తుంది. ఈ జెల్‌కు అది 1000 జౌళ్లు దాటింది. ఫైబ్రిన్ జిగురుది వందకు చాలా దిగువన ఉంటుంది. చర్మానికి నెత్తురు పూసి చూసినా పట్టు సడలలేదు. అంకెతో పాటు ఊడిన చోటునూ చూడాలి. జిగురు చర్మం నుంచి శుభ్రంగా లేచిపోతే బంధం బలహీనం. జెల్ తనలో తానే చిరిగితే బంధం గెలిచినట్టు.

పంది గుండెకు రంధ్రం చేసి, ఈ జెల్‌తో మూసి, గాలి నింపి తీశారు. వేల సార్లు సాగదీసినా మూత నిలిచింది. ఎలుకల్లో రెండు వారాలు ఉంచినా చుట్టుపక్కల కణజాలానికి హాని కనిపించలేదు. కానీ మనిషి గుండె రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. పదివేల సార్లంటే దానికి సుమారు రెండున్నర గంటల పని. నెలల తరబడి, శరీరపు వేడిలో, జెల్ నీరు పీల్చి ఉబ్బుతున్నప్పుడు కూడా ఇదే పరీక్ష జరగాలి.