కుక్క కరిస్తే రెండు రకాల ఇంజెక్షన్లు ఎందుకు? పాము కాటు మందుకు, రేబిస్ టీకాకు తేడా ఇదే!

పల్నాడు జిల్లా ధరణికోట.. ఒకప్పటి ధాన్యకటకం. కృష్ణా ఒడ్డున ఉన్న ఇలాంటి పల్లెల్లో చేలోకి వెళ్తే పాము భయం, వీధిలోకి వస్తే కుక్క భయం. ఈ రెండు కాట్లకు ఇచ్చే మందులు ఎలా పనిచేస్తాయో తెలిస్తే చాలు, ఇమ్యునాలజీ.. అంటే రోగనిరోధక శాస్త్రం అసలు గుట్టు అర్థమైనట్టే. ఏ ఇంజెక్షన్ మానేస్తే ప్రాణం మీదకు వస్తుందో కూడా తెలుస్తుంది.

మొదటి మెట్టు: చర్మమే గోడ

సూక్ష్మక్రిములకు తొలి అడ్డు చర్మం. అది తెగితే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి, దొరికిన క్రిమిని దొరికినట్టే మింగేస్తాయి. కానీ రేబిస్ వైరస్ కండరం నుంచి నరాల్లోకి జారుకుని, మెల్లగా మెదడు వైపు వెళ్తుంది. లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం. అందుకే కరిచిన వెంటనే గాయాన్ని సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టకూడదు.

రెండో మెట్టు: శిక్షణ పొందిన సైన్యం

టీకాలో ఉండేది చంపేసిన వైరస్. దానితో జబ్బు రాదు. దాన్ని చూసి టి కణాలు హెచ్చరిస్తే, బి కణాలు ఆ వైరస్‌కు సరిపోయే యాంటీబాడీలను తయారుచేస్తాయి. యాంటీబాడీ అంటే శత్రువుకు అతుక్కుని, కదలకుండా చేసే ప్రొటీన్. చిక్కేంటంటే.. ఇవి సరిపడా తయారవ్వాలంటే 7 నుంచి 14 రోజులు పడుతుంది.

మూడో మెట్టు: అరువు యాంటీబాడీలు

రక్తం వచ్చేలా కరిచినప్పుడు అన్ని రోజులు ఆగే వీల్లేదు. అందుకే రెడీమేడ్ యాంటీబాడీలను గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. అదే ఇమ్యునోగ్లోబులిన్. టీకా పని మొదలయ్యే వరకు ఇది కాపలా కాస్తుంది. మొదటి రోజే ఇవ్వాలి. కుదరకపోతే తొలి డోసు పడిన 7 రోజుల్లోపు ఇవ్వొచ్చు. ఆ తర్వాత అవసరం ఉండదు, ఎందుకంటే అప్పటికి ఒంట్లో సొంత యాంటీబాడీలు మొదలవుతాయి.

పాము కాటు మందు కూడా అరువు యాంటీబాడీలే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలతో ఈ మందు చేస్తారు. మన దేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలపై పనిచేస్తుంది. విషం నిమిషాల్లో, గంటల్లో పనిచేస్తుంది కాబట్టి టీకాలాగా రోజుల తరబడి ఎదురుచూసే టైమ్ ఉండదు. అయితే అరువు యాంటీబాడీలు కొన్ని వారాల్లో కరిగిపోతాయి. అందుకే మళ్లీ పాము కరిస్తే మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఆఖరి మెట్టు: మర్చిపోని కణాలు

టీకా కోర్సు పూర్తయితే కొన్ని కణాలు శత్రువును గుర్తుపెట్టుకుని ఉండిపోతాయి. ఇవే మెమరీ కణాలు. అందుకే కోర్సు పూర్తి చేసినవారిని మళ్లీ కుక్క కరిస్తే మొదటి రోజు, మూడు రోజుల తర్వాత ఇచ్చే రెండు విడతలు సరిపోతాయి. ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. నేర్చుకున్న సైన్యం వెంటనే లేస్తుంది.

చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు. తొలి డోసు వేసిన రోజే 0. గాయం మానిందని, కుక్క బాగానే తిరుగుతోందని మధ్యలో సొంతంగా ఆపేయడం ప్రమాదం. డాక్టర్ చెబితేనే ఆపాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్‌తో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు. ఇందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. ఈ టీకా మనకు దూరమైందేమీ కాదు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా తయారుచేస్తోంది. కావాల్సిందల్లా టైమ్‌కి వెళ్లడం, కోర్సు పూర్తి చేయడం, ఆ టీకా చీటీని జాగ్రత్తగా దాచుకోవడం.