మార్మోను మిషనరీ వారము: ఒక పరిశీలన

తెల్ల చొక్కా, టై, ఛాతీమీద పేరు వ్రాసిన నల్లని బిళ్ళతో ఇంటింటికి తిరిగే ఇద్దరు యువకులను గూర్చి చాలామంది కాపరులు "వారిని లోనికి రానియ్యవద్దు" అని చెప్పి ఊరుకుంటారు. వారు ఎవరో, వారమంతా ఏమి చేస్తారో, ఆ క్రమము వెనుక ఏ బోధ ఉన్నదో తెలియనిదే ఆ హెచ్చరికకు బలము చాలదు. ఫిలిప్పీన్స్ దేశమునకు పంపబడిన అమెరికా యువకుని వారమును ఉదాహరణగా తీసుకుందాము.

1. పిలుపు

జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రములో స్థాపించిన ఈ సంఘము తన్నుతాను "యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము" అని పిలుచుకుంటుంది. 'మార్మోను' అను పేరు వాడవద్దని 2018 నుండి దాని నాయకులు కోరుతున్నారు. పాఠకులకు పరిచయమైన పేరు గనుక ఇక్కడ వాడుతున్నాము. యువకులు 18 ఏళ్లు నిండిన తరువాత 24 నెలలు, యువతులు 18 నెలలు సేవ చేస్తారు. ఏ దేశమునకు వెళ్లాలో నిర్ణయించేది సంఘ నాయకులే. జీతము లేదు. పైగా 2020 జూలై నుండి అమెరికా మిషనరీ తరఫున నెలకు 500 డాలర్లు చెల్లించవలసి ఉన్నది. ఫిలిప్పీన్స్‌లో వీరి పని 1961లో మొదలైనది. నేడు అక్కడ వీరి సభ్యులు 8 లక్షలకు పైగా ఉన్నారు.

2. సోమవారము

సాధారణంగా ఇది 'సిద్ధపాటు దినము'. బట్టలు ఉతుక్కోవడము, సరుకులు తెచ్చుకోవడము, గది శుభ్రము చేసుకోవడము, ఉత్తరాలు వ్రాయడము ఈ రోజు పనులు. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోను చేయుటకు సంవత్సరములో రెండు సందర్భాలే ఉండేవి: క్రిస్మస్, మాతృదినము. ఇప్పుడు వారమునకొకసారి మాట్లాడవచ్చును. మిషను అధ్యక్షునికి వారపు ఉత్తరము కూడ వ్రాయాలి. సాయంత్రము మరల పనిలోనికి వెళ్తారు.

3. మంగళవారము నుండి శనివారము

ఉదయము 6:30కి లేవడము, ప్రార్థన, వ్యాయామము, ఒంటరిగా కొంతసేపు, జతవానితో కొంతసేపు అధ్యయనము, తగలోగ్ లేక సెబువానో భాషాభ్యాసము. తరువాత రాత్రి వరకు ఇండ్ల దర్శనము. 10:30కి నిద్ర. స్థానిక పరిస్థితినిబట్టి వేళలు మారవచ్చు గాని, ఇద్దరూ ఒకరికొకరు కనుచూపులో ఉండాలను నియమము మారదు. వారములో ఒకసారి చుట్టుపక్కల మిషనరీలతో సమావేశము ఉంటుంది. ఒకసారి కూర్చుండి, దర్శించిన ఒక్కొక్కరి పేరు తలచుకొని, వచ్చే వారము ఎవరికి ఏమి బోధించాలో వ్రాసుకుంటారు.

వీరు తట్టే తలుపులు ఎక్కువగా రోమన్ కథోలిక్కులవి. అనగా యేసు నామము ఎరుగని ఇండ్లు కావు. మార్మోను గ్రంథము చదివి, అది నిజమో కాదో దేవునినే అడుగుమని గృహస్థుని కోరుతారు. అటుపిమ్మట బాప్తిస్మమునకు ఆహ్వానిస్తారు. బాప్తిస్మము కోరువారు ఆరాధనకు రావాలి, దశమభాగమునకు ఒప్పుకోవాలి, మద్యము, పొగాకు, టీ, కాఫీ మానాలి.

4. ఆదివారము

రొట్టెతోను నీళ్లతోను జరిగే సంస్కారపు కూడిక ఈ రోజు ముఖ్యము. వస్తామని మాట ఇచ్చినవారు వచ్చారా లేదా అన్నది మిషనరీకి ఆ వారపు పరీక్ష. అనేక వారాలు కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. దేహబలహీనతవలనో మానసిక క్రుంగుదలవలనో గడువు తీరకముందే ఇల్లు చేరేవారున్నారు. మన తలుపు తట్టిన పిల్లవాడు ఈ భారము మోస్తున్నవాడని మరువరాదు.

5. బోధలోని భేదము

తండ్రి, కుమారుడు, రక్షణ, యాజకత్వము అను మాటలు మనవే, వారివే. అర్థాలు వేరు. తండ్రికి మాంసము ఎముకలు గల శరీరము ఉన్నదనియు, తండ్రి కుమార పరిశుద్ధాత్మలు ఉద్దేశములో ఏకమైన ముగ్గురు వేర్వేరు వ్యక్తులనియు వారు బోధిస్తారు. నైసియా విశ్వాసప్రమాణపు త్రిత్వమును అంగీకరించరు. అపొస్తలుల తరువాత పోయిన అధికారము జోసెఫ్ స్మిత్ ద్వారా తిరిగి వచ్చినదని నమ్ముతారు గనుక ఇతర సంఘాల బాప్తిస్మము వారికి చెల్లదు. "మీరూ యేసును నమ్ముతారు గదా?" అని అడిగితే మన విశ్వాసి వెంటనే అవునంటాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది. హృదయములో కలిగే అనుభూతి ఒక్కటే చాలునా, బెరయవారివలె లేఖనములతో సరిచూడాలా (అపొ. 17:11) అన్న ప్రశ్న అతనికి ముందే నేర్పి ఉండాలి.

6. మన సంఘాలకు

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. సమోవాలో ఈ సంఘమునందు చేరిన భారతీయ దంపతులు 1978లో హైదరాబాదులోని తమ బంధువులయొద్దకు మిషనరీలుగా వచ్చారు. భారతదేశములో వీరి మొదటి 'స్టేక్' 2012 మే నెలలో ఏర్పడినది హైదరాబాదులోనే.

క్రమశిక్షణ సత్యమునకు రుజువు కాదు. అట్లని సత్యము మన యొద్ద ఉన్నదని చెప్పి క్రమమును విడిచిపెట్టరాదు. ఇద్దరిద్దరిగా పంపుట ప్రభువు నేర్పిన పద్ధతియే (లూకా 10:1). బాప్తిస్మము పొందబోవువారికి త్రిత్వమును గూర్చి ఎన్ని పాఠాలు చెబుతున్నాము? క్రొత్త విశ్వాసి ఇంటికి వారము తిరగకముందు ఎవరైనా వెళ్తున్నారా? కాపరులు ఈ రెంటికి జవాబు చూసుకోవాలి.

ఆ ఇద్దరు మీ ఇంటికే వస్తే కూర్చోబెట్టండి. టీ త్రాగరు, మంచినీళ్లివ్వండి. తరువాత మీ నిరీక్షణకు హేతువును మృదువుగా, స్పష్టముగా చెప్పండి (1 పేతురు 3:15).