ఇంటి కుందేలు – మన బాధ్యత

తెలుగువారికి కుందేలు సుపరిచితమైన ప్రాణి. చంద్రునిలోని మచ్చను కుందేలుగా భావించి ఆయనను శశాంకుడన్నారు. అసంభవమైన దానిని కుందేటి కొమ్ముతో పోల్చారు. మొండిపట్టు విడువని వానిని గురించి ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’ అని సామెత చెప్పుకున్నారు. పంచతంత్రంలో బుద్ధిబలంతో సింహాన్ని బావిలో పడేటట్లు చేసినదీ కుందేలే. అయితే ఇవన్నీ మన పొలాలలో, కొండవాలులలో సంచరించే అడవి కుందేలును చూసి పుట్టిన మాటలు. నేడు ఇళ్ళలోని పంజరాలలో కనిపించే తెల్లని కుందేలు దానికి దూరపు బంధువు మాత్రమే.

అడవి కుందేలు బొరియ త్రవ్వదు. పొదల చాటున నేలమీదనే పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరచిన కళ్ళతో పుడతాయి. దానిని పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంపుడు కుందేలు మూలస్థానం ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. దాని పూర్వికులు చల్లని బొరియలలో గుంపులుగా జీవించాయి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, మూసిన కళ్ళతో పుడతాయి.

ఇటువంటి ప్రాణిని మంగళగిరి వంటి పట్టణంలో పెంచేవారు మొదట ఆలోచించవలసినది ఎండను గురించి. కుందేలుకు 15 నుండి 25 డిగ్రీల ఉష్ణోగ్రత హాయినిస్తుంది. కృష్ణా తీరంలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుందేలు మనవలె చెమట ద్వారా శరీరాన్ని చల్లబరచుకోలేదు. పొడవైన చెవులలోని రక్తనాళాల ద్వారానే వేడిని ఎక్కువగా బయటకు పంపుతుంది. చుట్టూ ఉన్న గాలే వేడెక్కినప్పుడు ఆ ఉపాయం పనిచేయదు. రేకుల కప్పు కింద ఉంచిన పంజరంలో అది వడదెబ్బకు మరణించవచ్చు. చూలుతో ఉన్న కుందేలుకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

రెండవది ఆహారం. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగడానికీ, జీర్ణక్రియ సక్రమంగా సాగడానికీ పీచు గల గడ్డి నిత్యం కావాలి. క్యారెట్లు, బిస్కెట్లు దానికి ఆహారం కావు. పొలం గట్టున కోసిన గడ్డి ఉచితంగా దొరకవచ్చు; కాని పైరుపై చల్లిన పురుగుమందు ఆ గడ్డిపై కూడా పడి ఉండవచ్చు.

ఇక ముఖ్యమైనది సంతానం. కుందేలు సుమారు ఐదు నెలల వయస్సుకే గర్భం ధరించగలదు. చూలు కట్టిన 31 రోజులకు ఈనుతుంది. ఈనిన రోజుననే మళ్ళీ గర్భం ధరించగలదు. ఈతకు ఆరు పిల్లల చొప్పున ఏడాదికి ఐదు ఈతలనుకున్నా, ఒక్క జంట వలన ముప్పై పిల్లలు కలుగుతాయి. పిల్ల వయస్సులో ఆడమగ తేడా గుర్తించడం కష్టం. రెండూ ఆడవేనని తెచ్చుకున్నవారి ఇంట అనుకోకుండా పిల్లలు పుట్టడం ఇందువల్లనే. ఎదిగిన మగ కుందేళ్ళు ఒకదానితో ఒకటి తీవ్రంగా పోరాడతాయి కనుక వాటికి వేరువేరు గూళ్ళు కావాలి.

ఈ ముప్పై ఎక్కడికి పోవాలి? స్నేహితులకు పంచవచ్చు; కాని ముచ్చటపడి తీసుకున్నవారందరూ చివరివరకు పోషించరు. చక్కగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుండి పది సంవత్సరాలు జీవిస్తుంది. పదహారేళ్ళ విద్యార్థి నేడు తెచ్చుకున్న పిల్ల, అతడు చదువు ముగించి ఉద్యోగంలో చేరే నాటికి కూడా జీవించి ఉంటుంది. అతడు వేరే ఊరికి వెళ్ళిన తరువాత దానికి గడ్డి వేసేవారెవరు? ఈ ప్రశ్నకు సమాధానం లేనప్పుడు కొందరికి కొండపై వదిలిపెడదామన్న ఆలోచన కలుగుతుంది. అది స్వేచ్ఛ కాదు. పంజరంలో పెరిగిన తెల్లని ప్రాణి కుక్కలకు, ముంగిసలకు సులభంగా చిక్కుతుంది. ఆకలిదప్పులకు గురయ్యేటట్లు జంతువును అకారణంగా విడిచిపెట్టడం, కదలడానికి చాలని పంజరంలో బంధించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరాలు.

అనుకూలమైన ప్రాంతంలో వదిలితే మరొక విధమైన అనర్థం కలుగుతుంది. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి ఇంగ్లండునుండి తెప్పించిన సుమారు రెండు డజన్ల కుందేళ్ళను వేటకోసం ఆస్ట్రేలియాలో వదిలాడు. కొన్ని దశాబ్దాలలో అవి కోట్లకు పెరిగి పైర్లను, పచ్చికను నాశనం చేశాయి. వందల మైళ్ళ కంచెలు కట్టినా ఆగలేదు. చివరకు 1950లో వైరస్ వ్యాధిని వ్యాపింపజేసి వాటిని చంపవలసి వచ్చింది. ఒకచోట అవి చావడానికీ, మరొకచోట దేశాన్ని పీడించడానికీ కారణం మనిషి ముందుచూపు లేనితనమే.

కుందేలును పెంచడం తప్పు కాదు. మూగప్రాణిని సాకడం వలన పిల్లలకు దయ, క్రమశిక్షణ అలవడతాయి. జీవనోపాధికోసం శాస్త్రీయ పద్ధతిలో షెడ్లు వేసి పెంచే రైతు విషయం వేరు. కాని పుట్టబోయే ప్రతి పిల్లకూ నమ్మకమైన ఇల్లు ముందుగా సిద్ధం చేయకుండా, కేవలం ముచ్చటకోసం సంతానోత్పత్తి చేయించడం బాధ్యతాయుతమైన పని కాదు. ఆడమగలను వేరుగా ఉంచాలి. లేదా అనుభవజ్ఞుడైన పశువైద్యునిచే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలి. ఆడ కుందేళ్ళకు వయస్సు మీరిన తరువాత తరచుగా వచ్చే గర్భాశయ క్యాన్సర్‌ను కూడా ఈ శస్త్రచికిత్స నివారిస్తుంది. కొత్త పిల్లను కొనడానికి ముందు, ఎవరైనా సాకలేక ఇచ్చివేస్తున్న కుందేలు ఉన్నదేమో విచారించడం ఉత్తమం.

కుందేలు మొరగదు, సాధారణంగా అరవదు. బాధ కలిగినా మౌనంగా మూలకు ఒదుగుతుంది. తన కష్టాన్ని చెప్పుకోలేని ప్రాణి విషయంలో ముందుగా ఆలోచించవలసిన భారం దానిని ఇంటికి తెచ్చినవారిదే.