అప్పు చేసి రైలు మార్గం: లాస్ ఏంజిలిస్ వడ్డీ లెక్క

సరుకు చవకగా వున్నప్పుడు అప్పు తెచ్చయినా కొని నిల్వ చేసుకోవాలా, లేక చేతికి సొమ్ము అందేవరకు ఆగి అప్పటి ధరకు కొనుక్కోవాలా అనేది వర్తకులకు పాత ప్రశ్నే. దీనికి జవాబు రెండు అంకెల మీద ఆధారపడి వుంటుంది. ఒకటి వడ్డీ రేటు, రెండవది ధర పెరిగే వేగం. వడ్డీ కన్నా ధర వేగంగా పెరుగుతుందని తోస్తే తెలిసిన వర్తకుడు ఆగడు.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరం ఇదే లెక్కను రైలు మార్గాలకు వర్తింపజేసింది. అంతటితో ఆగక, అప్పు మీద వడ్డీలో కొంత భాగాన్ని ఫెడరల్ ప్రభుత్వం భరించాలని కోరింది. ఆ కోరిక ఎంతవరకు నెరవేరింది, ఎక్కడ బెడిసింది అన్నది బాండ్లు అమ్మి రోడ్లు వేయదలచిన మన నగరాలకు కూడా పనికివచ్చే పాఠం.

అర సెంటు పన్ను

2008 నవంబరులో లాస్ ఏంజిలిస్ కౌంటీ ఓటర్లు 'మెజర్ ఆర్' అనే ప్రతిపాదనను ఆమోదించారు. డాలరు కొనుగోలుకు అర సెంటు చొప్పున అదనపు అమ్మకం పన్నును 30 ఏళ్ళపాటు వసూలు చేయడం దాని సారాంశం. కాలిఫోర్నియాలో ఇటువంటి ప్రత్యేక పన్నుకు మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. దీనికి నూటికి 67.9 వచ్చాయి. 30 ఏళ్ళలో 4,000 కోట్ల డాలర్లు వసూలు కాగలవని అప్పటి అంచనా. ఇందులో నూటికి 35 కొత్త రైలు, వేగ బస్సు మార్గాలకు, 20 రహదారులకు, 20 బస్సుల నిర్వహణకు, 15 కౌంటీలోని నగరాలకు కేటాయించారు. మిగతా 10 ఇతర రైలు ఖర్చులకు పోతుంది.

చిక్కు ఇక్కడే వచ్చింది. పన్ను ఏటా కొద్దికొద్దిగా వస్తుంది. వచ్చినదాన్ని వచ్చినట్లు ఖర్చు చేస్తూ పోతే 12 రవాణా పథకాలు పూర్తయ్యేసరికి 30 ఏళ్ళు పడుతుంది. పన్ను కట్టడం మొదలుపెట్టిన యువకుడు రిటైరయ్యే వేళకు రైలు ఎక్కుతాడన్నమాట. అప్పటి మేయరు ఆంటోనియో విల్లరైగోసా 2010లో '30/10' అనే పథకంతో ముందుకు వచ్చారు. 30 ఏళ్ళ రాబడిని జామీనుగా చూపి ఇప్పుడే అప్పు తెచ్చి, 12 పథకాలనూ పదేళ్ళలో కట్టి, తరువాత పన్ను వసూళ్ళతో అప్పు తీర్చాలనేది ఆయన ఉద్దేశం. నగరమూ, కౌంటీ రవాణా సంస్థ అయిన మెట్రో కూడా దీన్ని బలపరిచాయి.

బజారు అనుకూలం

ఆనాటి బజారు పరిస్థితి కూడా ఈ వాదానికి బలమిచ్చింది. 2008 మాంద్యం దెబ్బకు లోహాల ధరలు కుప్పకూలాయి. 2008 జూలైలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో టన్ను 8,000 డాలర్లు దాటి పలికిన రాగి, డిసెంబరు చివరికి 3,000 డాలర్ల దిగువకు పడిపోయింది. పనులు లేక కాంట్రాక్టర్లు అంచనాల కన్నా తక్కువకు టెండర్లు వేస్తున్నారు. కౌంటీలో నిరుద్యోగం నూటికి 12 దాటింది. కూలీ, సరుకు రెండూ అందుబాటులో వున్న రోజులవి. కాని ఆ చవక ఎంతోకాలం నిలవలేదు. 2011 ఫిబ్రవరి నాటికి రాగి 10,000 డాలర్లు దాటింది. విద్యుత్ రైలు మార్గాలకు తీగలు అమర్చేవారికి ఈ తేడా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

వడ్డీ ఎవరు భరించాలి?

అమెరికాలో నగరాలు, రాష్ట్రాలు అమ్మే బాండ్ల వడ్డీకి 1913 నుంచి ఫెడరల్ ఆదాయపు పన్ను మినహాయింపు వున్నది. పన్ను లేదు గనుక మదుపుదారులు తక్కువ వడ్డీకే ఒప్పుకుంటారు. అయితే పన్ను కట్టనవసరం లేని పింఛను నిధులకు ఈ మినహాయింపు వల్ల ఒరిగేదేమీ లేదు. అందువల్ల ఆ నిధుల సొమ్ము ఈ బాండ్లవైపు రాదు.

ఈ లోటును పూరించడానికి 2009 ఉద్దీపన చట్టంలో 'బిల్డ్ అమెరికా బాండ్లు' ప్రవేశపెట్టారు. వీటి వడ్డీ మీద మదుపుదారు పన్ను కడతాడు. వడ్డీ రేటు ఎక్కువగా వుంటుంది. ఆ వడ్డీలో నూటికి 35 వంతు ఫెడరల్ ఖజానా నగరానికి తిరిగి చెల్లిస్తుంది. 2010 చివరికి గడువు ముగిసేలోపల దేశమంతటా సుమారు 18,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్ముడుపోయాయి. లాస్ ఏంజిలిస్ మెట్రో కూడా మెజర్ ఆర్ రాబడి జామీనుపై ఇటువంటి బాండ్లు అమ్మింది.

పాఠకుల సౌకర్యార్థం ఒక నమూనా లెక్క చూద్దాం. 100 కోట్ల డాలర్ల బాండ్లు, నూటికి 6 వడ్డీ అనుకుందాం. ఏటా వడ్డీ 6 కోట్లు. ఖజానా 2 కోట్ల 10 లక్షలు తిరిగి ఇస్తే నగరానికి పడేది 3 కోట్ల 90 లక్షలు, అంటే నూటికి 3.9 మాత్రమే. ఇక నిర్మాణ ఖర్చు ఏటా నూటికి 4 చొప్పున పెరుగుతున్నదనుకుందాం. 6 వడ్డీకి అప్పు చేయడం కన్నా ఆగడమే మేలు. 3.9 వడ్డీకయితే ఇప్పుడే కట్టడం మేలు. తక్కెడ ఏ పక్కకు మొగ్గుతుందో తేల్చేది ఫెడరల్ రాయితీయే. నగరం వాషింగ్టన్ గుమ్మం ఎక్కడానికి కారణం ఇదే.

సగం నెరవేరిన కోరిక

నగరం 'అమెరికా ఫాస్ట్ ఫార్వర్డ్' పేరుతో రెండు కోరికలు పెట్టింది. మొదటిది, 1998 నుంచి అమలులో వున్న 'టిఫియా' అనే ఫెడరల్ ఋణ పథకానికి నిధులు పెంచాలి. రెండవది, రవాణా పథకాల కోసం వడ్డీ భారం చాలావరకు ఖజానాయే మోసే కొత్త రకం బాండ్లను అనుమతించాలి. స్వయంగా పన్ను విధించుకున్న నగరాలకు చేయూత ఇవ్వాలన్న ఈ వాదాన్ని ఇతర నగరాల మేయర్లు కూడా సమర్థించారు.

మొదటి కోరిక నెరవేరింది. 2012 జూలైలో వచ్చిన చట్టం టిఫియా కేటాయింపును ఏడాదికి 12 కోట్ల 20 లక్షల డాలర్ల నుంచి 2013లో 75 కోట్లకు, 2014లో 100 కోట్లకు పెంచింది. పథకం ఖర్చులో మూడోవంతు వరకే వున్న ఋణ పరిమితిని నూటికి 49కి హెచ్చించింది. ఫలితంగా లాస్ ఏంజిలిస్‌లో క్రెన్షా మార్గానికి 54 కోట్ల 59 లక్షలు, రీజినల్ కనెక్టర్ సొరంగానికి 16 కోట్లు, పర్పుల్ లైన్ పొడిగింపు మొదటి భాగానికి 85 కోట్ల 60 లక్షల డాలర్ల ఋణాలు లభించాయి.

రెండవ కోరిక కాగితం దాటలేదు. 2013లో ఒబామా ప్రభుత్వ బడ్జెట్టు నూటికి 28 రాయితీతో ఇటువంటి బాండ్లను ప్రతిపాదించినా కాంగ్రెస్ ఆమోదించలేదు. ఒక నగరం అప్పుకు దేశమంతా పన్ను ఎందుకు కట్టాలన్న ప్రశ్నను తేలికగా తోసిపుచ్చలేము.

స్థానికంగానూ ఎదురుదెబ్బ తగిలింది. పన్ను గడువును మరో 30 ఏళ్ళు పొడిగించాలన్న 'మెజర్ జె' 2012 నవంబరులో ఓడిపోయింది. కావలసినవి నూటికి 66.67 ఓట్లు, వచ్చినవి 66.1. నాలుగేళ్ళ తరువాత 2016లో 'మెజర్ ఎం' 71 శాతం పైచిలుకు ఓట్లతో నెగ్గింది.

మాట ఇచ్చినవాడే కోత పెడితే

బిల్డ్ అమెరికా బాండ్ల విషయంలో మరొక చేదు అనుభవం మిగిలింది. 2013 మార్చిలో ఫెడరల్ ఖర్చుల మీద విధించిన మూకుమ్మడి కోత ఈ వడ్డీ రాయితీకి కూడా తగిలింది. ఆ ఏడాది మిగిలిన నెలలకు కోత నూటికి 8.7. పై నమూనా లెక్కలో చూస్తే ఏడాదికి 18 లక్షల డాలర్ల పైచిలుకు నష్టం. మదుపుదారుకు ఇచ్చిన మాట మారదు గనుక ఆ తేడా నగరాలే భరించాయి. తరువాతి సంవత్సరాలలోనూ కోత శాతం కొద్దిగా తగ్గిందే కాని తొలగిపోలేదు.

30/10 అనుకున్నట్లు పదేళ్ళలో ముగియలేదు. క్రెన్షా మార్గంలో రైళ్ళు 2022 అక్టోబరులో, రీజినల్ కనెక్టర్‌లో 2023 జూన్‌లో నడిచాయి. అయినా పన్నుల రాబడి కోసం వరుసలో నిలబడి వుంటే ఇంకా ఆలస్యం అయ్యేదే.

మన ముంగిట

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో రోడ్ల అభివృద్ధి పథకం కోసం 200 కోట్ల రూపాయల బాండ్లను పదేళ్ళ గడువుతో, నూటికి 8.9 వడ్డీకి అమ్మింది. కేంద్ర ప్రభుత్వం 100 కోట్లకు 13 కోట్ల చొప్పున 26 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. 200 కోట్ల మీద ఏడాది వడ్డీ 17 కోట్ల 80 లక్షలు. అంటే కేంద్రం ఇచ్చేది సుమారు ఏడాదిన్నర వడ్డీకి సరిపోతుంది. మిగతా ఎనిమిదిన్నర ఏళ్ళ వడ్డీ, ఆపైన అసలు నగర పౌరుల ఇంటి పన్ను వంటి రాబడి నుంచే రావాలి.

రెండు పద్ధతులలోనూ మంచిచెడ్డలు వున్నాయి. మన ప్రోత్సాహకం చిన్నది, కాని ఒకేసారి చేతికి వచ్చేది. అమెరికా రాయితీ పెద్దది, కాని ఏటేటా ఎదురుచూడవలసినది. బాండ్ల అమ్మకం రోజున పాలకులు గంట మోగించి ఫోటో దిగుతారు. పౌరుడు చూడవలసినది ఆ ఫోటోను కాదు. వడ్డీ ఎంత, దాన్ని ఏ పన్ను నుంచి కడతారు, పై ప్రభుత్వం ఇస్తానన్న సొమ్ము రాకపోతే ఎవరి జేబు తడుముకోవాలి అన్న మూడు సంగతులను చూడాలి. ఈ మూడింటికీ జవాబు ముందుగా తెలిసిన చోట అప్పు చేసి కట్టిన వంతెన ఆస్తి అవుతుంది. తెలియని చోట అది వడ్డీ కట్టే బాకీగానే మిగులుతుంది.