ప్రీహీట్ ఎందుకో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

"ప్లేటు ఎండకే కాలిపోతోంది, మళ్లీ ప్రీహీట్ ఏందన్నా?" గల్ఫ్ సైట్లలో వెల్డింగ్ చేసే మనవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసిన సంగతి ఇక్కడ నిదానంగా చూద్దాం.

బీడ్ పక్కన కరగకుండా ఎర్రగా కాలిన ఉక్కు లోపల అమరికే మారిపోతుంది. దాన్ని ఆస్టెనైట్ అంటారు. చల్లారేటప్పుడు అది మళ్లీ మారాలి. ఎలా మారుతుందనేది 800 డిగ్రీల నుంచి 500కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో దాన్ని బట్టి ఉంటుంది. నిదానంగా దిగితే మెత్తటి ఫెర్రైట్, పెర్లైట్. కొంచెం వేగమైతే బైనైట్. మరీ వేగమైతే మార్టెన్సైట్, అంటే గట్టిగా ఉంటుంది కానీ పెళుసు. దానికి తడి రాడ్డు నుంచి హైడ్రోజన్ తోడైతే, సాయంత్రం చక్కగా కనిపించిన జాయింట్ మర్నాడు పగలొచ్చు. చాలా జాబుల్లో 48 గంటలు ఆగి పరీక్ష చేసేది అందుకే. మందం ప్లేటు వేడిని చుట్టూ గుంజేసుకుంటుంది. 50 డిగ్రీల ఎండ దాన్నేం ఆపుతుంది?

పాత లెక్క కార్బన్ ఈక్వివలెంట్. కార్బన్‌కు మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం మొత్తంలో ఐదో వంతు, నికెల్, రాగి మొత్తంలో పదిహేనో వంతు కలుపుతారు. మంచి లెక్కే, కానీ చల్లారే వేగం అందులో లేదు.

మెషిన్ లెర్నింగ్ పని ఇక్కడ మొదలవుతుంది. ల్యాబులో చిన్న ఉక్కు ముక్కల్ని రకరకాల వేగాలతో చల్లార్చి, ఏ డిగ్రీ దగ్గర వాటి పొడవు ఉన్నట్టుండి మారిందో కొలుస్తారు. మార్పు మొదలైన చోటు అదే. అలాంటి కొలతలు బోలెడు చూపించి, ఫలానా రసాయనం, ఫలానా వేగమైతే మార్టెన్సైట్ ఎంత, గట్టిదనం ఎంత అని ప్రోగ్రాంకు నేర్పుతారు. కేంబ్రిడ్జిలో హర్షద్ భదేషియా బృందం 1990లలోనే వెల్డ్ లోహం గుణాలకు న్యూరల్ నెట్‌వర్కులు వాడింది. వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది: జవాబుతో పాటు, దాని మీద ఎంత అనుమానముందో కూడా చెబుతాయి. ఎప్పుడూ చూడని రకం ఉక్కు ఇస్తే ఆ అనుమానం పెరుగుతుంది. (మన సూపర్‌వైజర్లకూ ఈ గుణముంటే ఎంత బాగుండు!)

అయితే రాడ్లు ఓవెన్‌లోంచి తీసి ఎంతసేపయిందో, గాలికి అడ్డం కట్టారో లేదో ఎవరూ చెప్పకపోతే దానికి తెలియదు. అది మీకే తెలుసు. అందుకని ప్రొసీజర్ షీటులో ఉన్న ప్రీహీట్ తగ్గించమంటే రాతలో ఇమ్మనండి. టెంప్ స్టిక్‌తో చూసిన డిగ్రీ, టైమూ జాయింట్ నంబర్ పక్కన రాసిపెట్టుకోండి. రెండ్రోజుల తర్వాత క్రాక్ బయటపడితే మొదట అడిగేది వెల్డర్నే.