మీకు తెలుసా? సమయం లెక్కన చూస్తే, కామారెడ్డి జిల్లా పోచారం నుంచి శంషాబాద్ దూరమా, శంషాబాద్ నుంచి కొలంబో దూరమా?

హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం నుంచి శ్రీలంకలోని కొలంబో విమానాశ్రయానికి గగనమార్గాన తిన్నగా కొలిస్తే దాదాపు 1,130 కిలోమీటర్లు. మ్యాపు మీద గీత గీస్తే అది నల్లమల అడవులు, కడప, తంజావూరు ప్రాంతాల మీదుగా సాగి పాక్ జలసంధి దాటుతుంది. అంటే విదేశీ ప్రయాణమే అయినా దారిలో ఎక్కువ భాగం నేల మీదే, అందులోనూ చాలావరకు తెలుగు నేల మీదే.

జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. ఆ లెక్కన గంటన్నర కూడా పట్టకూడదు. అయితే విమానం రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం కలిసి ప్రయాణం దాదాపు రెండు గంటలవుతుంది. టికెట్‌పై వేసేది ఈ మొత్తం సమయమే. గడియారం ముల్లు తిప్పే పనీ లేదు: 2006 నుంచి శ్రీలంక కూడా భారత సమయాన్నే పాటిస్తోంది. అదే కఠ్మాండూ వెళ్తే 15 నిమిషాలు ముందుకు జరపాలి.

అసలు సమయంలో ఎక్కువ భాగం నేల మీదే ఖర్చవుతుంది. కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు దగ్గర బయల్దేరినవారికి మెదక్ మీదుగా శంషాబాద్ చేరడానికే ఇంచుమించు మూడు గంటలు కావాలి. అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి ఇమ్మిగ్రేషన్, భద్రతా తనిఖీల కోసం విమానం బయల్దేరడానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. ఇంటి నుంచి కొలంబో దాకా పట్టే ఎనిమిది, తొమ్మిది గంటల్లో గాలిలో గడిచేది నాలుగో వంతే.