మీకు తెలుసా? సిస్సింగ్‌హర్స్ట్ కోట తోట కథ

ఇంగ్లండ్‌లోని కెంట్ పల్లెసీమలో ఉన్న ఈ తోటను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి మొక్కల ప్రేమికులు వస్తారు.

• ఖైదీల కోట: ఇది 16వ శతాబ్దంలో ఓ సంపన్న కుటుంబం కట్టుకున్న భవనం. 1756-63 నాటి ఏడేళ్ల యుద్ధంలో పట్టుబడిన ఫ్రెంచివారిని ఇక్కడే బంధించారు. భవనంలో చాలా భాగం కూలిపోయినా ఎర్ర ఇటుకల బురుజు నేటికీ నిలిచే ఉంది.

• శిథిలాల్లో పూలు: 1930లో రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్, ఆమె భర్త హెరాల్డ్ నికల్సన్ దీన్ని కొన్నారు. తోటకు రూపురేఖలు గీసింది ఆయన, మొక్కలతో నింపింది ఆమె. ఇటుక గోడలు, పొదల కంచెలు తోటను గదులు గదులుగా విడదీస్తాయి.

• తెల్లపూల తోట: ఒక భాగంలో అన్నీ తెల్లని పూలే, వాటికి తోడు వెండి, ఆకుపచ్చ రంగుల ఆకులు! జూలై మొదట్లో వెళితే మధ్యలోని పందిరిని కప్పేసిన తెల్లగులాబీలు చూడొచ్చు.

• షిల్లింగ్ టికెట్: 1938లో ప్రజలను లోపలికి అనుమతించారు. ప్రవేశ రుసుము ఒక్క షిల్లింగ్. అందుకే వీటా సందర్శకులను ప్రేమగా ‘షిల్లింగ్‌లు’ అని పిలిచేది.

• బురుజులో రాతగది: వీటా రచనలు చేసుకున్న గది ఇందులోనే ఉంది. వర్జీనియా వూల్ఫ్ 1928లో వెలువరించిన ‘ఒర్లాండో’ నవలకు ప్రేరణ వీటాయే.

• అందరి సొత్తు: 1967 నుంచి ఈ తోట నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. వెళ్లినవారు ముందుగా బురుజు ఎక్కాలి. తోట అమరికంతా పైనుంచే చక్కగా అర్థమవుతుంది.